సౌలు కవచము, దావీదు వడిసెల
(తలిదండ్రులకును సంఘ పెద్దలకును కుటుంబ పాఠము)

చదువవలసిన భాగము: 1 సమూయేలు 17:12-40



పదవ తరగతి ఫలితములు వచ్చు దినములలో మన గ్రామములలో ఇంటింట ఒకే ప్రశ్న వినబడును. పిల్లవానిని దేనిలో చేర్చవలెను? ఇంటరా, పాలిటెక్నికా, ఐ.టి.ఐ.యా? ఈ ప్రశ్న మనము ఇరుగుపొరుగువారిని అడుగుదుము. బడి పంతులుగారిని అడుగుదుము. పట్నములోనున్న మేనమామకు ఫోను చేసి అడుగుదుము. మనము అడుగనివాడు ఒక్కడే మిగులును. ఎవని బ్రదుకును గూర్చి ఇంత విచారణ జరుగుచున్నదో ఆ పిల్లవాడే వాడు.

సిద్దిపేట ప్రాంతమున ఒక విశ్వాసి గృహమును దర్శించినప్పుడు మేము ఆ యింటి కుమారుని, "నాయనా, ముందు ఏమి చదువదలచితివి?" అని అడిగితిమి. "పాలిటెక్నిక్ల ఏస్తం అయ్యగారూ" అని తల్లి బదులు చెప్పెను. మరల అతనినే అడిగితిమి. "వానికేమెరుక అయ్యగారూ, మేం జెప్పినట్టే ఇంటడు" అని తండ్రి చెప్పెను. పదునారేండ్ల ఆ బాలుడు తల వంచుకొని కాలి బొటనవ్రేలితో నేల గీయుచుండెను.

ఆ తలిదండ్రులకు ప్రేమ లేదని ఎవరనగలరు? మండుటెండలో కూలికి పోయి వాని చదువు నడిపించుచున్నవారు వారే. అయినను రేపు ఆ బాలుడు ఇల్లు విడిచి పోవును. పని యిచ్చువాని యెదుట ఒంటరిగా నిలువవలసి యుండును. "నీకు ఏ పని వచ్చును? ఈ పని ఎందుకు కోరుచున్నావు?" అని అతడు అడిగినప్పుడు బదులు చెప్పుటకు తల్లి గాని తండ్రి గాని ప్రక్కన నుండరు. ఆ దినమునకు వానిని నేడు ఎట్లు సిద్ధపరచవలెనో మనము లేఖనము వెలుగులో నేర్చుకొందము.

మన తాతల కాలము

మన తాతలకు ఈ ప్రశ్నయే లేకుండెను. నిజాము పాలనలో తెలంగాణ గ్రామములందు వెట్టి యుండెను. దొర గడిలో ఎవడు ఏ చాకిరి చేయవలెనో వాడు పుట్టిన కులమే నిర్ణయించెను. తండ్రి మోసిన బరువే కుమారుని భుజముమీదికి వచ్చెను. 1948లో నిజాము పాలన ముగిసెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 23వ అధికరణముచేత వెట్టిచాకిరిని నిషేధించెను. అంతకు ముందే మిషను బడులును ఆసుపత్రులును మన పిల్లలలో కొందరిని ఉపాధ్యాయులుగాను, నర్సులుగాను, సువార్తికులుగాను తీర్చిదిద్దెను.

పని నెంచుకొనుట అను భాగ్యము ఇట్లు ఎంతో వెల పెట్టగా మన యిండ్లకు వచ్చెను. దొర చేతినుండి విడిపింపబడిన ఆ నిర్ణయమును మనము ప్రేమతోనే యైనను పిల్లల చేతికి అందనియ్యక మన గుప్పిటనే పట్టుకొని యుండుట తగునా?

1. యెష్షయి అప్పగించిన పని

దావీదు గొల్యాతును జయించిన దినమును మనమెల్లరము ఎరుగుదుము. ఆ దినమునకు ముందు జరిగిన దానిని అంతగా చూడము. యెష్షయి తన కడగొట్టు కుమారునికి గొఱ్ఱెల మందను అప్పగించెను. అది ఆట వస్తువు కాదు, ఆ యింటి ఆస్తి. అడవిలో సింహమును ఎలుగుబంటియు వచ్చినప్పుడు తండ్రి ప్రక్కన లేడు. ఆ మీదట తూమెడు వేయించిన గోధుమలును, పది రొట్టెలును, సహస్రాధిపతికి పది జున్నుగడ్డలును ఇచ్చి, అన్నల క్షేమము తెలిసికొని రమ్మని దండులోనికి పంపెను.

20వ, 22వ వచనములను నిదానముగా చదువుడి. దావీదు బయలుదేరకముందు గొఱ్ఱెలను ఒక కాపరికి అప్పగించెను. దండు చేరిన పిమ్మట తాను తెచ్చిన సామానులను వాటిని కాయువానియొద్ద ఉంచి, ఆ తరువాతనే అన్నలయొద్దకు పరుగెత్తెను. తనకు అప్పగింపబడిన దానికి ఏర్పాటు చేయక కదలని అలవాటు అతనికి కలిగెను. ఉద్యోగమునకు యోగ్యత అనగా సగము ఇదియే. ఈ అలవాటు ఉపన్యాసము విన్నందున వచ్చినది కాదు, నిజమైన పని చేతిలో పడుటవలన వచ్చినది.

మన జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రములు దేశమంతట పేరు పొందినవి. ఆ బొమ్మలు వ్రాయు ఇండ్లలో పిల్లల చేతికి కుంచె ఇయ్యకుండ, "చూచుచుండుడి, నేర్చుకొందురు" అని మాత్రమే చెప్పియుండినయెడల ఆ విద్య ఇన్ని తరములు నిలిచియుండునా?

2. సౌలు మొదటి మాట

దావీదు యుద్ధమునకు పోయెదనని చెప్పగా, నీవు బాలుడవు, నీచేత కాదు అని సౌలు అనెను. అతని అన్నయగు ఏలీయాబు మరింత కఠినముగా మాటలాడి, ఆ కొద్ది గొఱ్ఱెలను ఎవరివశము చేసి వచ్చితివని గద్దించెను. గొఱ్ఱెలు భద్రముగనే యుండెను. ఏలీయాబు నిజముగా తెలిసికొనగోరి అడిగియుండినయెడల ఆ సంగతి తెలిసియుండును.

సౌలునందు ఒక మంచి గుణము కనబడుచున్నది. అతడు దావీదు చెప్పిన దానిని పూర్తిగా వినెను. సింహపు సంగతియు ఎలుగుబంటి సంగతియు విన్న పిమ్మట అతని మనస్సు మారెను, దేవుని తోడు కోరి దీవించి పొమ్మనెను. మన పిల్లలయొద్దను మనము వినని సంగతులు కలవు. చెడిపోయిన బోరు మోటారు విప్పి బాగుచేసిన కుమారుడు మన యింట నుండవచ్చును. స్త్రీల పొదుపు సంఘపు పుస్తకములో లెక్క తప్పు పట్టిన కుమార్తె యుండవచ్చును. ఇవియే వారి సింహములు, ఎలుగుబంట్లు. అడిగినగాని అవి బయటికి రావు.

కుమార్తెల విషయమై సంఖ్యాకాండము 27వ అధ్యాయము చదువుడి. సెలోపెహాదు కుమార్తెలైన మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనువారు మోషే యెదుటను సమాజమంతటి యెదుటను నిలిచి తమ మనవిని తామే చెప్పుకొనిరి. మోషే వారిని నోరు మూయించలేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారి మాట న్యాయమేనని దేవుడు తీర్పు తీర్చెను. "ఆడపిల్లకు సంబంధము వచ్చినది, ఇక చదువెందుకు" అను ఇండ్లవారు ఈ అధ్యాయమును బిడ్డతో కూడ చదువవలెను. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట చట్టవిరుద్ధమను సంగతియు మరువరాదు.

3. రాజు కవచము

పొమ్మని దీవించిన పిమ్మట సౌలు తన యుద్ధవస్త్రములను దావీదునకు తొడిగించెను, తలమీద రాగి శిరస్త్రాణము పెట్టెను. అందులో ద్వేషమేమియు లేదు. తనకున్న వాటిలో మేలైన దానినే ఇచ్చెను. అయితే అది సౌలు కొలతకు చేసినది, బాలునికి అలవాటు లేనిది. దావీదు వాటితో నడువజూచి, చేతగాక తీసివేసెను.

తలిదండ్రులారా, మనము ఎక్కువగా చేయు పొరపాటు ఇదియే. "నేను చదువలేకపోతిని, నీవైనను ఇంజనీరువు కావలెను" అందుము. "వారి అబ్బాయి చేరిన కోర్సులోనే చేరుము" అందుము. కవచము గొప్పదే, మనము పెట్టిన ఖర్చును గొప్పదే. పిల్లవాడు దానిలో నడువలేకపోయినయెడల మాత్రము వానిని సోమరి యందుము. సౌలు అట్లనలేదు. కవచము విప్పవద్దని బలవంతము చేయలేదు.

ఈ బరువు ఎంత భయంకరమైనదో మన రాష్ట్రము కన్నీటితో నేర్చుకొన్నది. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత తెలంగాణలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ యేటి ఫలితములలో తప్పులు దొర్లిన సంగతియు బయటపడెను. ప్రతి మరణమునకును కారణములు అనేకము. అయినను ప్రతి పిల్లవాడును ఈ మాట మన నోట వినవలెను: "తప్పినను నీవు మా బిడ్డవే. ఇంటికి రమ్ము, మరియొక దారి చూచుకొందము." బిడ్డ మనస్సు కృంగినట్లు కనబడినయెడల దాచిపెట్టక, 14416 అను ఉచిత టెలీమానస్ నంబరుకు ఫోను చేయుడి. అక్కడ తెలుగులో మాటలాడవచ్చును.

4. విడిచిపెట్టుట వేరు, ప్రక్కన నిలుచుట వేరు

"అట్లయిన వారి యిష్టమునకే వదలివేయుదుమా?" అని ఒకరు అడుగవచ్చును. అట్లు కాదు. ఎడ్వర్డ్ డీసీ, రిచర్డ్ రయన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు పరిశోధించి, మనుష్యుడు చక్కగా ఎదుగుటకు మూడు కావలెనని చెప్పిరి. తన పనిని తాను మనఃపూర్వకముగా ఎంచుకొనుట ఒకటి, అది తనకు చేతనగునను నమ్మకము రెండవది, తనవారి ఆప్యాయత మూడవది. స్వాతంత్ర్యమును ఆప్యాయతయు ఒకదానికొకటి శత్రువులు కావు. పందిరి లేని తీగ నేల ప్రాకును. పందిరికి బిగించి కట్టివేసిన తీగ ఎండిపోవును.

అదే దేశమునకు చెందిన మార్క్ సావికాస్ అను పండితుడు ఉద్యోగ జీవితమునకు నాలుగు గుణములు అవసరమనెను. అవి ముందుచూపు, తన నిర్ణయమునకు తాను బాధ్యత వహించుట, తెలిసికొనవలెనను ఆసక్తి, ధైర్యము. ఈ నాలుగును దావీదునందు చూడుడి. అతడు మందకు ముందుగనే ఏర్పాటు చేసెను. కవచమును తానే విప్పెను. దండులో పలువురిని ప్రశ్నించి సంగతి తెలిసికొనెను. సింహమునుండి రక్షించిన దేవుని నమ్మి ముందుకు పోయెను.

మన తెలుగు సంఘ చరిత్రలోను ఇట్టి సంగతి యున్నది. 1874లో తిరునల్వేలి ప్రాంతమున జన్మించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు యౌవనమందే వై.ఎం.సి.ఏ. సేవలో బాధ్యతలు వహించిరి. 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముఖ్యులైరి. 1909లో ఆ సొసైటీ పక్షముగా తామే దోర్నకల్లుకు వచ్చిరి. ఆయనను బిషప్పుగా చేయవలెనను తలంపు వచ్చినప్పుడు, భారతీయునిచేత ఈ పని కాదనియు, దొరలు అతని క్రింద పనిచేయరనియు చెప్పినవారు అనేకులు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు మాత్రము ఆయన పక్షమున నిలిచిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆయన కాలమున దోర్నకల్ అధ్యక్ష మండలములోని విశ్వాసులు రెండు లక్షలకు మించిరి. వైట్‌హెడ్‌గారు ఆయనను ఒంటరిగా విడువలేదు, ఆయన పనిని తాము చేయనులేదు. ప్రక్కన నిలిచిరి. పెద్దలు చేయవలసినది అదే.

మనము ఏమి చేయవలెను?

మొదట, పన్నెండు, పదమూడేండ్లు వచ్చిన బిడ్డకు ఇంటిలో ఒక పని పూర్తిగా అప్పగించుడి. కరెంటు బిల్లు కట్టుట, కోళ్ల లెక్క, వారపు సంతలో కూరగాయలు కొనుట ఏదైనను సరే. తప్పు జరిగినయెడల తిట్టక, "ఎట్లు జరిగెను? మరల వచ్చినప్పుడు ఏమి చేయుదువు?" అని అడుగుడి. ఇది కూలికి పంపుట కాదు. పదునాలుగేండ్ల లోపు పిల్లలను కూలికి పెట్టుట చట్టము నిషేధించినది. బడికి అడ్డు వచ్చు పని ఏదియు తగదు.

రెండవది, దరఖాస్తును బిడ్డచేతనే నింపించుడి. బ్యాంకులో, మండల కార్యాలయములో వారినే మాటలాడనియ్యుడి, మీరు వెనుక నిలువుడి.

మూడవది, కోర్సు ఎంచుకొనకముందు ఆ పని చేయువారిని ఇద్దరినైనను కలిసి, సంపాదన ఎంత, కష్టమెంత అని బిడ్డనే అడిగి రానిండు. పాలిటెక్నిక్ మూడేండ్లు, ఇంటర్ రెండేండ్లు. ఖర్చు ఎంతవరకు భరింపగలరో దాచక చెప్పుడి. చేతిలో లేని డబ్బును గూర్చి నిజము చెప్పుటయు బిడ్డను గౌరవించుటయే.

నాలుగవది, తండ్రి గల్ఫు దేశమున నున్న ఇండ్లును, తల్లి యొక్కతే పోషించు ఇండ్లును మన సంఘములలో కలవు. అక్కడ యెష్షయి స్థానమున నిలుచువారు సంఘ పెద్దలు, సండేస్కూలు ఉపాధ్యాయులు. ఈ యేడు కోతపండుగ లెక్కలను యౌవనస్థులకు అప్పగించి, సంఘము ముందు వారిచేతనే చదివించుడి.

మేము పైన చెప్పిన ఇంటికి కొన్ని వారముల తరువాత మరల పోతిమి. ఈసారి తండ్రి మాకు బదులు చెప్పక కుమారుని వైపు చూచి, "నువ్వే జెప్పు బిడ్డా" అనెను. బాలుడు చాలసేపు ఊరకుండెను. తల్లి నోరు తెరువబోయి ఆగెను. కడకు అతడు, "కరెంటు పని నేర్చుకోవాల్నని ఉంది అయ్యగారూ, ఐ.టి.ఐ. జూసొచ్చిన" అనెను. వాని ఎంపిక మంచిదా కాదా అని మేము ఆ దినము తీర్పు చెప్పలేదు. అతడు తల యెత్తి మాటలాడెను, తండ్రి చివరివరకు వినెను. ఆ యింట ఆ సాయంత్రము ప్రార్థన దీర్ఘముగా సాగెను.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. గడచిన నెలలో మన బిడ్డకు మనము పూర్తిగా అప్పగించిన పని ఏది?
2. మన తీరని కోరికలలో దేనిని కవచముగా బిడ్డకు తొడిగించుచున్నాము?
3. కుమారునికి ఇచ్చిన అవకాశము కుమార్తెకును ఇచ్చితిమా?
4. పెద్దదిక్కు లేని ఏ యింటి బిడ్డకు మన సంఘము ప్రక్కన నిలువగలదు?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, నీవు మాకిచ్చిన బిడ్డలు నీ సొత్తు. వారి మాట వినుటకు మాకు ఓపిక నిమ్ము. మా కవచములను వారిమీద మోపకుండ మమ్మును కాపాడుము. వారు పోవు త్రోవలో నీవు తోడై యుండుము. వారు తిరిగి చూచినప్పుడు మా గుమ్మము తెరచి యుండునట్లు కృప చూపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.