రక్షకభటులును ప్రజల విశ్వాసమును

పౌరశాస్త్ర పాఠములో పోలీసులు ప్రజల రక్షకులని చదివిన దినముననే ఎనిమిదవ తరగతి బాలుడొకడు మమ్ము ఇట్లు ప్రశ్నించెను: "అయ్యవారూ, రక్షకులైనచో మా అవ్వ ఠాణా గడప తొక్కవద్దని ఏల చెప్పును?" ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకమున సమాధానము లేదు. హోసూరు, డెంకణికోట, బాగలూరు ప్రాంతపు ఇండ్లలో అవ్వ చెప్పిన ఆ మాట వినని పిల్లలు అరుదు. ఈ సంచికను పెద్దలును చదువుదురు గనుక, తరగతిలో చెప్పిన దానికంటె కొంత విపులముగా ఇక్కడ వ్రాయుచున్నాము.

అవ్వ మాట వట్టి భయము కాదు. చట్టమే ఆ మాటను చెప్పుచున్నది. 1872 నాటి సాక్ష్య చట్టము 25వ విభాగము ప్రకారము, నిందితుడు పోలీసు అధికారి యెదుట "నేను నేరము చేసితిని" అని ఒప్పుకొన్నను, ఆ ఒప్పుకోలును అతనిపై సాక్ష్యముగా చూపరాదు. మేజిస్ట్రేటు ఎదుట స్వేచ్ఛగా చెప్పినచో చెల్లును. నిందితుడు చెప్పిన చోట దొంగసొత్తు దొరికినచో, ఆ మేరకు మాత్రము అతని మాట పనికివచ్చును. 2024 జూలై 1 నుండి పాత చట్టమునకు బదులు భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. అందును 23వ విభాగమున ఈ నిషేధము చెక్కుచెదరక నిలిచియున్నది. తాను నియమించిన ఉద్యోగి విన్న మాటను ప్రభుత్వమే నమ్మకుండుట వింత గాదా?

ఈ వింతకు మూలము మన మద్రాసు రాజధానిలోనే కలదు. కంపెనీ పాలనలో శిస్తు వసూలు చేయు తహశీలుదారుడే పోలీసు అధికారము కూడ చెలాయించెడివాడు. శిస్తు కట్టలేని రైతును దొంగను పట్టినట్లే పట్టెడివారు. వ్రేళ్లను రెండు కఱ్ఱముక్కల నడుమ బిగించి నొక్కు 'కిట్టి' అను సాధనముండెడిది. మనిషిని వంచి, తలను కాళ్లకు త్రాటితో కట్టి ఎండలో నిలుపు శిక్షయు ఉండెడిది. ఈ హింసలను విచారించుటకు ఒక సంఘము ఏర్పడి, 1855లో నివేదిక సమర్పించెను. మద్రాసులో న్యాయవాదియైన జాన్ బ్రూస్ నార్టన్ అందొక సభ్యుడు. హింస జరుగుచున్న మాట నిజమేనని సంఘము తేల్చెను. పిమ్మట 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టము వచ్చి, పోలీసులను రెవెన్యూ ఉద్యోగుల నుండి వేరుచేసెను. 1857 తిరుగుబాటు చల్లారిన వెనుక, 1861లో దేశమంతటికిని పోలీసు చట్టమొకటి చేయబడెను. ఆ చట్టము ముఖ్యోద్దేశము ప్రభుత్వమునకు విధేయమైన దళమును నిలుపుట. ప్రజలకు జవాబు చెప్పవలసిన ఏర్పాటు అందులో కానరాదు. 1902–03లో ఫ్రేజరు సంఘము విచారించి, ఈ దళము అవినీతితోను దౌర్జన్యముతోను నిండియున్నదని వ్రాసినది. ఇది పరిపాలించు తెల్లదొరలే తమ దళమును గూర్చి పలికిన మాట.

దౌర్జన్యమైనను అందరిపై సమానముగా పడినచో దానికి విరుగుడు త్వరలో దొరకునేమో. అట్లు పడదు. మన యెరుకల వారి కథ చూడుడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని విస్తరించినది. ఆపై ఫలానా కులమున పుట్టుటయే అనుమానమునకు చాలిన కారణమయ్యెను. పేర్లు పట్టికకెక్కించి, వ్రేలిముద్రలు తీసికొని, ఊరు దాటవలెనన్న అనుమతి కోరవలెనని నిర్బంధించిరి. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురము అట్టివారిని ఉంచుటకు ఏర్పడిన వసతియే. తమిళదేశమున కురవరులకును ఇదే గతి పట్టెను. యెరుకలవారును వారును భాషచేతను ఆచారములచేతను దగ్గరివారు. 1952లో ఈ చట్టము రద్దయినది. కాని చట్టమును రద్దుచేయుట సులభము, అలవాటును రద్దుచేయుట కష్టము. ఊరిలో దొంగతనము జరిగిన రాత్రి ముందుగా ఏ గుడిసె తలుపు తట్టుదురో మన పిల్లలకు తెలియని సంగతి కాదు.

1993లో కడలూరు జిల్లాలో దొంగతనపు అనుమానముతో పట్టుకొనిపోయిన కురవర కూలియొకడు ఠాణానుండి తిరిగిరాలేదు. అతడు పారిపోయెనని పోలీసులు చెప్పిరి. భార్య ఆ మాట నమ్మక, మద్రాసు హైకోర్టు మెట్లెక్కినది. ఆమె పక్షమున వాదించిన కె. చంద్రు పిదప అదే న్యాయస్థానమున న్యాయమూర్తి యయ్యెను. 2021లో వచ్చిన 'జై భీమ్' చలనచిత్రము మన పిల్లలలో పలువురు చూచియుందురు. అందుకు మూలము ఈ వ్యాజ్యమే. (చిత్రములో ఆ కుటుంబమును ఇరుళరులుగా చూపిరి.)

ఇటీవలి సంగతికి వత్తము. 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళమున, కరోనా కట్టడి వేళలు మీరి సెల్ ఫోనుల దుకాణము తెరచియుంచిరని తండ్రీకొడుకులను పోలీసులు పట్టుకొనిపోయిరి. కొలది దినములలో ఇరువురును కస్టడీలో తగిలిన దెబ్బలచే మరణించిరి. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము ఆ ఠాణాను రెవెన్యూ అధికారుల స్వాధీనము చేయుమని ఆజ్ఞాపించెను. ఏ రెవెన్యూవారి చేతినుండి 1859లో పోలీసు అధికారమును ఊడబెరికిరో, నూటయరువది యేండ్ల పిమ్మట ఆ రెవెన్యూవారినే ఠాణాకు కాపలా పెట్టవలసివచ్చినది! అయితే ఆ రాత్రి జరిగినదానిని మేజిస్ట్రేటుకు ధైర్యముగా చెప్పిన వ్యక్తియు ఆ ఠాణాలోని మహిళా హెడ్ కానిస్టేబులే. ఈ రెండవ సంగతిని మరచుట అన్యాయము.

జవానును నిందించి ఊరకుండుట తేలిక. అతనికి పండుగ లేదు, వేళకు భోజనము లేదు. నాయకుని కారును ఆపినచో మరునాడు బదిలీ ఉత్తరువు వచ్చునని ఎరిగినవాడు, తలపాగా చుట్టుకొని మోపెడుపై పాలు తీసికొనిపోవు రైతునే శిరస్త్రాణము లేదని ఆపును. ఈ జబ్బుకు మందు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు వ్రాసియిచ్చినది. ముఖ్యాధికారులకు కనీసము రెండేండ్ల పదవీకాలము నిచ్చుట, నేరపరిశోధనను శాంతిభద్రతల పనినుండి వేరుచేయుట, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు జిల్లాకొక ప్రాధికారము నెలకొల్పుట అందులోనివి. ఆ వ్యాజ్యము వేసిన వ్యక్తియు విశ్రాంత పోలీసు అధికారియే. రాష్ట్రములు ఈ ఉత్తరువులను పేరునకు అంగీకరించి, సారమును జారవిడుచుచున్నవని మా యభిప్రాయము.

ఇక తెనుగువారమైన మనకు ప్రత్యేకముగా తగులు కష్టమును చెప్పవలెను. ఇంట తెలుగు మాటలాడు అవ్వ ఠాణాలో తన గోడు తెలుగున వెళ్లబోసికొనును. అది తమిళమున కాగితమెక్కును. ఆమె బొటనవ్రేలి ముద్ర వేయును. ఆ కాగితమున ఏమున్నదో ఆమె ఎరుగదు. అపనమ్మకమునకు ఇంతకంటె వేరు విత్తనము అక్కరలేదు.

చట్టము ఈ ముద్రను ఇంత తేలికగా పుచ్చుకొమ్మని చెప్పలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము ప్రకారము, నోటితో చెప్పిన ఫిర్యాదును అధికారి వ్రాయించి, చెప్పినవారికి చదివి వినిపించిన పిమ్మటనే సంతకము పుచ్చుకొనవలెను. నకలు వెంటనే ఉచితముగా ఇయ్యవలెను. నేరము తమ ఎల్లలో జరుగలేదని త్రిప్పి పంపరాదు. అత్తిబెలె చేరగానే కర్ణాటకము, మరొక ప్రక్క కుప్పము గల మన ఊళ్లవారికి ఈ చివరి నియమము మిక్కిలి విలువైనది. ఆడువారిని, పదునైదేండ్లలోపు బాలురను, అరువదేండ్లు మించిన పురుషులను సాక్ష్యము చెప్పుటకై ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. వారి ఇంటికే వచ్చి అడుగవలెనని 179వ విభాగము చెప్పుచున్నది. అరెస్టు చేసినవారికి ఆ కారణములను వారికి తెలిసిన భాషలో వ్రాసి ఇయ్యవలెనని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున ఎనిమిదవ తరగతి చదువు బాలుడు అవ్వతో కూడ పోయి, "దీనిని మా అవ్వకు తెలియునట్లు చదివి వినిపింపుడు" అని వినయముగా అడుగవచ్చును. అడుగుటకు తమిళము రావలెను. అందుచే రాష్ట్రభాషను శ్రద్ధగా నేర్వుడని మేము చెప్పుట తెలుగుపై ప్రేమ తక్కువై కాదు.

ఠాణాలో ఫిర్యాదు పుచ్చుకొననిచో, ఆ సంగతిని వ్రాసి జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు టపాలో పంపవలెను. అక్కడను ఫలింపనిచో మేజిస్ట్రేటు కలడు. ఆ ఉత్తరమును తెలుగున వ్రాయవచ్చునా యని కొందరు తలిదండ్రులు మమ్మడిగిరి. వ్రాయవచ్చును. దేశమునందుగాని రాష్ట్రమునందుగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను కష్టనివేదన చేసికొను హక్కు రాజ్యాంగము 350వ అధికరణమున కలదు. జవాబును కూడ తెలుగున ఇయ్యవలెనని మాత్రము ఆ అధికరణము చెప్పదు.