ఆలకించుటయే ఆదరణ



దుఃఖములోనున్న వారిని చూడబోయి, కూర్చుండకమునుపే బుద్ధి చెప్పుట మనలో అనేకులకు వాడుక. వారు తల ఊపుదురు గాని మనస్సు విప్పరు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చుండిరి. వారు నోరు తెరచి తప్పు వెదకనారంభించిన పిమ్మటనే అతని బాధ అధికమాయెను.

అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ రోజర్స్ (1902–1987) ఈ సంగతిని తన పనిలోనే నేర్చుకొనెను. రోచెస్టరు పట్టణములో ఒక తల్లి, అల్లరివాడైన తన కుమారుని గూర్చి ఆయన సంస్థకు వచ్చుచుండెను. బిడ్డ పసితనమున ఆమె వానిని నిరాకరించుటయే కారణమని యెంచి, ఆయన దానిని ఆమెకు తెలియజేయ యత్నించెను. ఫలము లేకపోయెను. ఇక మానుకొందమనగా ఆమె ఒప్పుకొని, తలుపువరకు పోయి, వెనుకకు తిరిగి, ఇచ్చట పెద్దవారికిని సహాయము చేయుదురా అని యడిగెను. ఔననగానే కూర్చుండి, తన కాపురపు నిరాశనంతయు వెళ్లబోసుకొనెను. ఆయన వినెను. తల్లికిని కుమారునికిని మేలు కలిగెను. నొప్పి యెక్కడనో నొచ్చినవారికే తెలియునని ఆయన గ్రహించెను.

అట్లు వినువానికి కావలసినవి మూడని రోజర్స్ బోధించెను.

1. యథార్థత. లోపల విసుగు పెట్టుకొని పైకి నవ్వరాదు.

2. షరతులేని అంగీకారము. చేసినదంతయు మంచిదనుట కాదు. ఏమి చేసినను మనిషిని త్రోసివేయకుండుట.

3. అతని కన్నులతో చూచుట. పంట పోయిన రైతు, “ఇంట్లో మొగము చూపలేకున్నాను” అనినయెడల, “వచ్చే ఏడు పండునులే” అనకుడి. “నీవారి యెదుట తలయెత్తలేక నలిగిపోవుచున్నావా?” అనుడి. మీరు పొరబడినచో అతడే దిద్దును. దిద్దుచు తన మనస్సును తానే తెలిసికొనును.

అయితే ఒకడు ప్రాణము తీసికొందుననినయెడల వినుట మాత్రమే చాలదు. అతనిని ఒంటరిగా విడువక, పురుగుమందు అందకుండ చేసి, వైద్యునియొద్దకు తోడుకొనిపొండి. ప్రభుత్వపు టెలీ మానస్ వారికి 14416 నంబరున ఫోను చేయవచ్చును. ఇతరుల కెవ్వరికిని ఆ మాట పొక్కనీయకుడి.

ఈ వారము మీ యింటిలోనే ఒకరి మాట అడ్డుపడక తుదివరకు వినుడి. విన్నది మీ మాటలలో తిరిగి చెప్పి, “ఇంతేనా, ఇంకేమైన నున్నదా?” అని యడుగుడి. తరచుగా అసలు భారము అప్పుడే బయటికి వచ్చును.