గ్యాస్ పట్టించే ముందు

కారులో ఏసీ చల్లగా రాకపోతే మన నోటికొచ్చే మొదటి మాట, ‘గ్యాస్ అయిపోయుంటుంది’. మెకానిక్ బానెట్ ఎత్తకముందే తీర్పు చెప్పేస్తాం. మే నెల మధ్యాహ్నం అనంతపురం దగ్గరి రాప్తాడు మీదుగా బెంగళూరు వెళ్లేవాళ్లకు ఆ తొందర సహజమే. బయట నలభై దాటిన ఎండ, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆగుదామంటే నీడ ఉండదు. కానీ తొందరపాటు తీర్పుకు బిల్లు కట్టేది మనమే.

పెట్రోలు మండి ఖర్చవుతుంది, గ్యాస్ అలా ఖర్చవదు. మన కార్లలో చాలావాటిలో వాడే ఆర్134ఏ అనే గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి రవ్వంత తగ్గితే తగ్గవచ్చు. నిరుడు నింపింది ఈ ఏడు లేదంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. హైవే పక్క షెడ్డుల్లో ఏసీ పని చేసేవాళ్లు ఈ మాట దాచరు కూడా: “గ్యాస్ యాడికి పోతాదన్నా? లీకేజీ సూడకుండా పట్టిస్తే మళ్లా నా తావుకే వస్తావు. నాకేం, మంచిదే.”

ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న కారైతే ఈ తొందర ఇంకా ఖరీదు. 1964 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చినప్పుడు ఇది కలవారి సోకు. ఇప్పుడు ఇదే దారిలో ఇంకా దక్షిణాన, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మధ్యతరగతి ఇళ్ల ముందు నిలబడే కార్లలోకీ ఈ సదుపాయం వచ్చేసింది. ఏ కంపెనీదైనా పద్ధతి ఒకటే. మీరు 24 అని అంకె పెడతారు. లోపలి వేడి, బయటి వేడి, మీద పడే ఎండ ఎంతో సెన్సర్లు చెబుతాయి. ఆ కబురును బట్టి బ్లోయర్ ఎంత తిరగాలో, చల్లగాలిలో వేడిగాలి ఎంత కలపాలో కంప్యూటర్ తేలుస్తుంది. దానికి కళ్లు లేవు, కబురే దిక్కు.

ఇప్పుడు మీ డ్యాష్‌బోర్డు ఒకసారి చూడండి. చాలా కార్లలో ముందు అద్దం కింద రూపాయి బిళ్లంత నల్లటి బొడిపె ఒకటి ఉంటుంది. ఎండను కొలిచేది అదే. సరిగ్గా దాని మీదే మనం వినాయకుణ్ణి అతికిస్తాం, లేదా ఎండకు పగలకుండా మందపాటి గుడ్డ పరుస్తాం. బయట అనంతపురం ఎండ, సెన్సరుకు మాత్రం చల్లని నీడ. అది చెప్పింది నమ్మి కంప్యూటర్ బ్లోయర్ తగ్గిస్తుంది, మనం కంపెనీని తిడతాం. స్టీరింగ్ పక్కన చిన్న జాలీ వెనక ఇంకో సెన్సరు. అందులో ఎర్రదుమ్ము పేరుకుంటే లోపలి గాలి దాని దాకా రాదు. డ్యాష్‌బోర్డు వేడినే కారు లోపలి వేడిగా లెక్కగడుతుంది. మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలాసార్లు పని అయిపోతుంది. వినాయకుణ్ణి జానెడు పక్కకు జరిపితే ఆయనేమీ అనుకోడు.

ముందు కబురు సరిగ్గా అందుతోందా అని చూసే ఈ అలవాటు ఇంట్లో కూడా చేసుకోండి. పిల్లాడికి మార్కులు తగ్గాయనగానే ట్యూషన్ మార్చేస్తాం. వాడికి బోర్డు మీది అక్షరాలు కనిపిస్తున్నాయా అని అడగడానికి డబ్బు అక్కర్లేదు. ఆ ప్రశ్న ఎందుకో చివర్లో గుర్తొస్తుంది.

ఖర్చు లేని పరీక్ష ముందు, ఖరీదైనది చివర. ఈ వరస రాప్తాడు రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. వేరుశనగ చేలో బోరు నీళ్లు పోయడం ఆగితే ఆయన ముందు కరెంటు మూడు ఫేజులూ ఉందా చూస్తాడు, తర్వాత ఫ్యూజు, తర్వాత స్టార్టరు. అన్నీ బాగున్నాయని తేలాకే మోటారు పైకి తీయించే మాట. మోటారు తీయాలంటే మనుషులు కావాలి, రోజు పోవాలి, డబ్బు పోవాలి. అదే రైతు కారు కొన్నాక మాత్రం నేరుగా ‘కంప్రెసర్ పోయిందేమో’ అంటాడు. తెలిసిన విద్యను కొత్త వస్తువు దగ్గర మరిచిపోవడం మనందరికీ ఉన్న జబ్బే.

మెకానిక్ దగ్గరికి వెళ్లి ‘ఏసీ పని చేయట్లా’ అంటే ఆయనకు ఏమీ చెప్పనట్టే. లక్షణం చెప్పండి. గాలే తక్కువ వస్తోందా? అయితే గ్లవ్‌బాక్స్ వెనక ఫిల్టర్ లాగి చూడండి; వేపచెట్టు కింద నిలిపే కారైతే దుమ్ముతో పాటు ఎండాకులు కూడా రాలతాయి. రోడ్డు మీద చల్లగా ఉండి, మరూరు టోల్‌గేటు దగ్గర ఆగేసరికి వెచ్చబడుతోందా? కండెన్సర్ ఫ్యాన్ తిరగడం లేదేమో, లేదా రెక్కల మధ్య దుమ్మూ పొట్టూ ఇరుక్కుందేమో. గాలి జోరుగా ఉండి వేడిగా వస్తూ, కారు స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు వెనక టిక్ టిక్‌మంటోందా? వేడిగాలినీ చల్లగాలినీ కలిపే తలుపుకు ఓ బుల్లి మోటారు ఉంటుంది. దాని ప్లాస్టిక్ పళ్లు అరిగితే తలుపు వేడి వైపే నిలిచిపోవచ్చు. అప్పుడు గ్యాస్ నిండుగా ఉన్నా చెమట్లే. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. సిగ్గుపడకండి, మంచి మెకానిక్ ఆ కాగితం చూసి సంతోషిస్తాడు. చిరాకు పడేవాడైతే ఇంకో షెడ్డు చూసుకోవచ్చు. ఒకటి మార్చాక ఒక రోజు నడిపి చూసి, అప్పుడే రెండోది ముట్టుకోండి. మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు.

కొన్నిసార్లు కారులో లోపమే ఉండదు, చేతిలో ఉంటుంది. ఆటో బటన్ నొక్కి, రెండు నిమిషాలు ఓర్చలేక ఫ్యాన్ మనమే పెంచుతాం. చాలా కార్లలో ఆ క్షణమే ఆటో దీపం ఆరిపోతుంది, పెత్తనం మళ్లీ మన నెత్తిన పడుతుంది. 24 బదులు అట్టడుగుకు తిప్పితే కారు త్వరగా చల్లబడుతుందన్నదీ భ్రమే. ఎండలో కాగిన కారు ఎలాగూ మొదట పూర్తి జోరుతోనే పని చేస్తుంది. ముందు కాసేపు అద్దాలు దించి వేడి బయటికి పోనివ్వండి, తర్వాత అద్దాలు ఎక్కించి ఆటోకే వదిలేయండి. కొడుక్కి కొట్టు అప్పగించి గంటకోసారి ఫోన్ చేసే తండ్రులకు ఇది కాస్త కష్టమే.

ఇన్ని చూశాక నిజంగా గ్యాసే అనిపిస్తే పట్టించండి, కానీ గ్యాసును లాగి, తూచి నింపే మెషీన్ ఉన్నచోట. బానెట్ కింద స్టిక్కరు మీద ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది కాబట్టి ఆ అంకె ముఖ్యం. మెషీన్ ముందు పాత గ్యాసును లాగేస్తుంది కదా, ఎన్ని గ్రాములు బయటికొచ్చిందో అడగండి. స్టిక్కరు అంకెకు దగ్గరగా ఉంటే లోపం గ్యాసుది కాదు; స్టిక్కరు మీద ఉన్నంతే మళ్లీ నింపించి, “తలుపు మోటారు చూడన్నా” అనండి.