కాపరి మారినను గొఱ్ఱెపిల్లల ఆకలి మారదు

పఠన భాగములు: సంఖ్యాకాండము 27:15–23, ఎజ్రా 8:24–34, 1 కొరింథీ 3:4–9, 2 కొరింథీ 8:16–21



ప్రతి ధర్మకార్యమునకును రెండు పరీక్షలు గలవు. దానిని ఆరంభించినవాడు దగ్గర నున్నంతకాలము అది యెట్లు నడచెననునది మొదటి పరీక్ష. అతడు వెళ్లిపోయిన మరునాటినుండి అది యెట్లు నడచెననునది రెండవ పరీక్ష. మొదటిదానిలో నెగ్గి రెండవదానిలో పడిపోయిన పనులనేకములు. నాయకుడు మారగానే, "మనకు తెలిసిన అయ్యగారు లేరు గదా, ఇక మనమెందుకు పంపవలెను?" అని దాతలు చేయి వెనుకకు తీసికొందురు. అయితే ఆ యింటనున్న పిల్లలకు ఆ పూటకూడ ఆకలి వేయును. ఈ సంగతిని మన ప్రాంతములోని యొక పనిని ఉదాహరణముగా గైకొని, వాక్యపు వెలుగులో విచారింతము.

1. విజయవాడలో దిగు పిల్లలు

చెన్నై, హైదరాబాదు, విశాఖపట్నము, మచిలీపట్నము వైపులనుండి వచ్చు రైలుదారులు విజయవాడ జంక్షనులో కలియుచున్నవి. ఇన్ని దారులు కలియుచోట పెద్దలతోపాటు దిక్కులేని పిల్లలును దిగుదురు. తండ్రి త్రాగుడుకు జడిసి వచ్చినవాడొకడు. సవతితల్లి పోరు పడలేక వచ్చినవాడొకడు. బడిలో దెబ్బలకు వెరచి రైలెక్కినవాడొకడు. జనసమూహములో తల్లి చేయి విడిచి తప్పిపోయినది యొకతె. ఖాళీ సీసాలు ఏరుకొనుచు, రైలు పెట్టెలు ఊడ్చి చేయి చాపుచు, ప్లాట్‌ఫారముమీదనే పండుకొనుచు ఉండు ఇట్టి పిల్లలను మనలో చూడనివారెవరు?

ఇట్టి పిల్లల నిమిత్తము 1989లో విజయవాడలో నవజీవన్ బాల భవన్ అను సంస్థ ఆరంభింపబడెను. దీనిని స్థాపించినవారు రోమను కతోలిక సభలోని సలేషియను గురువులు. వీధిలోను స్టేషనులోను తిరుగు పిల్లలను కలిసికొని మాటలాడుట, వారికి తిండియు నీడయు చూపుట, ఇల్లు దొరికినవారిని తలిదండ్రుల యొద్దకు చేర్చుట, తక్కినవారికి చదువో చేతిపనియో నేర్పించుట వారి పని. విజయవాడలో కతోలికుల బాలల సేవ అంతకు ఎంతో పూర్వమునుండియు గలదు. గుణదలలో 1924 నాటికే సెయింట్ జోసఫ్ అనాథాశ్రమముండెను. ఆర్లాటి అను ఫాదరుగారు అప్పుడు దానికి పెద్ద.

"ఆర్.సి.యం. వారి సంగతి మన పత్రికలో ఏల?" అని యెవరైన అడుగవచ్చును. కొన్ని ఉపదేశములలో మనకును వారికిని భేదము గలదు. దానిని మరుగుచేయ నక్కరలేదు. కాని మార్కు 9వ అధ్యాయము చూడుడి. మన గుంపులోనివాడు కాడని యొకని ఆటంకపరచితిమని యోహాను చెప్పగా ప్రభువు అతని మెచ్చుకొనలేదు, ఆటంకపరచవద్దనెను. ఆ వెంటనే గిన్నెడు నీళ్లిచ్చినవాని ఫలమునుగూర్చి చెప్పెను. ఆకలిగొన్న బిడ్డకు అన్నము పెట్టు చేతినుండి మనము నేర్చుకొనవలసినది గలదు.

2. పెద్ద మారుట పనికి చేటు కాదు

సలేషియను సభలో ఒక నియమము గలదు. ఒక గృహమునకు పెద్దగా నియమింపబడినవాడు మూడేండ్లు ఆ పనిలో నుండును. అదే గృహములో మరి మూడేండ్లు ఉంచవచ్చును. తరువాత అతడు వేరొక చోటికి పోవును, మరియొకడు వచ్చును. కావున వారి గృహములలో పెద్ద మారుట ఆపద కాదు, క్రమము.

ఆ సభను స్థాపించిన డాన్ బోస్కోగారే ఇందుకు మాదిరి. ఆయన 1841లో గురువుగా అభిషేకింపబడి, ఇటలీ దేశములోని ట్యూరిన్ పట్టణములో వీధి బాలురను చేరదీసెను. మైకేల్ రువా అను బాలుడు ఆయన యొద్ద పెరిగెను. తన మరణమునకు కొన్ని యేండ్ల ముందే రువాను తన స్థానములోనికి రావలసినవానిగా ఏర్పాటు చేయించి, 1888లో డాన్ బోస్కోగారు కన్నుమూసిరి. రువా 1910 వరకు ఆ పనిని నడిపించెను. స్థాపకునితో పని సమాధి కాలేదు, ఇంకను విస్తరించెను. 1906లో ఆ సభవారు తంజావూరికి వచ్చి మన దేశములో అడుగుపెట్టినది రువాగారి దినములలోనే.

కలకత్తాలోని మదర్ థెరిస్సాగారి సంగతియు అట్టిదే. ఆమె బ్రతికియుండగానే, 1997 మార్చిలో, సిస్టరు నిర్మలగారు ఆ సంఘమునకు పెద్దగా ఎన్నికయిరి. ఆ సెప్టెంబరు 5న మదర్ థెరిస్సా మరణించిరి. లోకమంతయు ఎరిగిన ముఖము మరుగైనను శిశుభవనముల తలుపులు మూయబడలేదు. తరువాత 2009లో సిస్టరు ప్రేమగారును, 2022లో కేరళ దేశస్థురాలైన సిస్టరు జోసఫ్‌గారును ఆ భారము వహించిరి.

ఇప్పుడు సంఖ్యాకాండము 27 చదువుడి. తాను చనిపోవలసియున్నదని తెలిసినప్పుడు మోషే తన పేరునుగూర్చి చింతపడలేదు. సమాజము కాపరిలేని గొఱ్ఱెలవలె కాకుండునట్లు ఒకని నియమింపుమని దేవుని వేడుకొనెను. అంతట యెహోషువను యాజకుని యెదుటను సర్వసమాజము ఎదుటను నిలువబెట్టి, అతనిమీద చేతులుంచి, ఆజ్ఞ ఇచ్చెను. ఇందులో మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది, తాను సజీవుడై యుండగానే అప్పగించెను. రెండవది, చాటున గాక అందరి యెదుటను అప్పగించెను. మూడవది, తన ఘనతలో కొంత ఇచ్చి, జనులు యెహోషువ మాట వినునట్లు చేసెను. పదవినిచ్చి గౌరవమును తనయొద్దనే ఉంచుకొను పెద్దలున్నచోట క్రొత్తవాడు నిలువజాలడు.

3. కానుక ఎవరి ముఖము చూచి?

నాయకుని తరువాత దాత సంగతి. కొరింథులో కొందరు పౌలు పక్షమును, కొందరు అపొల్లో పక్షమును పట్టిరి. అందుకు పౌలు చెప్పిన సమాధానము సేద్యగాండ్రమైన మనకు బోధపడును. నారు నాటినవాడొకడు, నీరు పెట్టినవాడొకడు, పెరుగుదల మాత్రము దేవునిది. నాట్లువేసిన కూలివారు వెళ్లిపోయిరని ఏ రైతైన కాలువనీరు కట్టివేయునా? పైరు ఎండిపోవునని అతడెరుగును. బిడ్డయు పైరువంటిదే. ఏడేండ్ల ప్రాయమున చేరిన బిడ్డ పదునెనిమిదేండ్ల ప్రాయమునకు వచ్చుసరికి, ఆ యింటికి ముగ్గురు నలుగురు పెద్దలు మారియుందురు. దాత పెద్దను చూచి ఇచ్చినయెడల ఆ బిడ్డ చదువు నడుమనే ఆగును. బిడ్డను చూచి ఇచ్చినయెడల తుదముట్టును.

ఉద్రేకముతో ఇచ్చుటయు చాలదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు దేశదేశములనుండి సహాయము వచ్చెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడును జనులు అన్నపు పొట్లములతో పరుగెత్తిరి. అది మంచిదే. అయితే నీరు తీసిన తరువాత, పత్రికలలో వార్త రాని దినములలో, దినదినమును ఇచ్చుట కష్టతరమైన విశ్వాసము.

దూరదేశపు డబ్బుమీదనే ఆనుకొనుటయు క్షేమము కాదు. విదేశీ విరాళముల చట్టము 2010లో క్రొత్తగా చేయబడి, 2020లో సవరింపబడెను. ఆ సవరణచేత, ఒక సంస్థ పుచ్చుకొన్న విదేశీ విరాళమును మరియొక సంస్థకు ఇచ్చుట నిషేధింపబడెను. ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనికే రావలెను. పరిపాలన ఖర్చులు నూటికి 20 వంతులు మించరాదు. అనుమతిని 5 ఏండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. పెద్దలు మారినయెడల ఆ సంగతియు ప్రభుత్వమునకు తెలుపవలెను. 2021 డిసెంబరులో మదర్ థెరిస్సాగారి సంఘమునకే ఈ పునరుద్ధరణ నిరాకరింపబడి, 2022 జనవరిలో మరల ఇయ్యబడెను. అంత పేరున్నవారికే అట్లు జరిగినప్పుడు చిన్న ఆశ్రమముల మాట చెప్పనేల? ఒక కాగితము ఆలస్యమైనను బిడ్డల కంచము ఖాళీ కాకుండవలెనన్న, చుట్టుపట్ల గ్రామముల చేయి తోడుండవలెను.

"మనము బీదలము, ఏమియ్యగలము?" అనవద్దు. మన స్త్రీలు ఎసట్లో బియ్యము పోయునప్పుడు పిడికెడు తీసి వేరుగా ఉంచు వాడుక మనకు క్రొత్త కాదు. పిడికెడు 50 గ్రాములనుకొనుడి. 40 కుటుంబముల సంఘము దినమునకొక పిడికెడు తీసినయెడల దినమునకు 2 కిలోలు, నెలకు 60 కిలోల బియ్యమగును. సారెపతు విధవరాలి తొట్టిలో నున్నదియు పిడికెడు పిండియే.

4. లెక్క అడుగుట అవిశ్వాసము కాదు

నాయకుని మీద ప్రేమచేత లెక్క అడుగకపోవుట ఒక తప్పు. క్రొత్తవానిమీద అనుమానముచేత అసలే ఇయ్యకపోవుట మరియొక తప్పు. ఈ రెంటికిని నడుమ దారి ఎజ్రా చూపెను. బబులోనునుండి బయలుదేరునప్పుడు అతడు వెండి బంగారములను పన్నిద్దరు యాజకులకు తూచి అప్పగించెను. యెరూషలేములో వారు మరల తూచి ఒప్పగించిరి; తూనిక అంతయు వ్రాయబడెను. ఆ యాజకులు దొంగలని అట్లు చేయలేదు. పవిత్రమైన సొమ్ము గనుకనే చేసెను. పౌలును యెరూషలేము బీదల కానుకను ఒంటరిగా మోసికొని పోలేదు. సంఘములు ఏర్పరచినవారిని వెంటబెట్టుకొని, ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికిని నిర్దోషముగా నుండగోరెను.

కావున ఏ బాలల గృహమునకైనను ఇచ్చుటకు ముందు ఈ సంగతులు మర్యాదతో అడుగుడి. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము ఆ గృహము రిజిస్టరయినదా? బిడ్డలు బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరు చేయబడిరా? ఏటేట ఆడిటు జరుగుచున్నదా? రశీదు సంస్థ పేరిట ఇత్తురా, లేక సొమ్ము ఒకరి సొంత ఖాతాలోనికి పోవుచున్నదా? పాత పెద్ద వెళ్లునప్పుడు ఆస్తి, అప్పు, బిడ్డల పేర్ల పట్టిక వ్రాతమూలముగా అప్పగింపబడెనా? మంచి గృహము ఈ ప్రశ్నలకు నొచ్చుకొనదు.

మరియొక మాట. బిడ్డకు సొంత యిల్లే మొదటి చోటు; ఆశ్రమము కడపటి దిక్కు మాత్రమే అని ఆ చట్టమే చెప్పుచున్నది. ఎవరైన గ్రామమునకు వచ్చి, "మీ పిల్లలను పట్టణములో చదివించెదము" అని అడిగినంతనే పంపవద్దు. దిక్కులేని బిడ్డ మీకు కనబడినయెడల 24 గంటలలోగా పోలీసులకైనను బాలల సంక్షేమ సమితికైనను తెలుపవలెను. 1098 అను టెలిఫోను నంబరు ఇందుకొరకే. 1996లో బొంబాయిలో ఆరంభమైన ఆ సేవను అనేక ఊళ్లలో స్వచ్ఛంద సంస్థలు నడిపెను. 2023 నుండి దానిని ప్రభుత్వమే నడుపుచున్నది.

5. మన యింటి సంగతి

ఇది ఇతరుల పాఠము మాత్రమే కాదు. 1841లో ఫాక్సు, నోబులు అను ఇద్దరు యౌవనస్థులు మచిలీపట్నమునకు వచ్చిరి. ఫాక్సుగారు వ్యాధిగ్రస్తులై స్వదేశమునకు మరలి 1848లో మరణించిరి. నోబులుగారు బడి పెట్టి, మరల ఇంగ్లండు చూడకయే 1865లో మచిలీపట్నములోనే కన్నుమూసిరి. ఇద్దరును పోయిరి, పని నిలిచెను. ఇంగ్లండులో వారి ముఖములెరుగని విశ్వాసులు ఇచ్చుట మానలేదు గనుకను, ఇక్కడ వారి తరువాత వచ్చినవారు భారము వహించిరి గనుకను నిలిచెను.

నేడు మన సంఘములలో పాస్టరుగారు బదిలీ అయినప్పుడు ఏమి జరుగుచున్నది? ఆదివారపు బడి నడచుచున్నదా? చందా పుస్తకములో పేర్లు తగ్గుచున్నవా? క్రొత్త అయ్యగారికి లెక్కలు అప్పగింపబడుచున్నవా? నవజీవన్ వంటి గృహమును చూచి మెచ్చుకొనుట సులభము. మన సంఘ హాస్టలు పిల్లలకు అట్టి నమ్మకము చూపుటయే మన పరీక్ష. సేవకులు వచ్చుచు పోవుచు నుందురు. బిడ్డలను మనకు అప్పగించిన ప్రభువు నిన్న నేడు ఒకటేరీతిగా నున్నాడు. ఆయన ముఖము చూచి ఇచ్చువాడు ఎన్నటికిని మానడు.

కూటములలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మోషే యెహోషువను సమాజమంతటి యెదుట నిలువబెట్టుట వలన జనులకు కలిగిన మేలేమి?
2. మనమిచ్చు కానుకలలో మనుష్యుని చూచి ఇచ్చునవెన్ని, అక్కర చూచి ఇచ్చునవెన్ని?
3. మన సంఘములో పిడికెడు బియ్యము తీసినయెడల నెలకెంత అగును? దానిని ఏ బిడ్డల నిమిత్తము, ఎవరి చేతిమీదుగా, ఏ లెక్కతో పంపుదము?
4. మన ఊరినుండి రైలెక్కి వెళ్లిపోయిన బిడ్డలున్నారా? వారి యింటివారిని మనము దర్శించితిమా?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, దిక్కులేని బిడ్డలకు నీవే దిక్కు. వారిని కాయుచున్న ప్రతి గృహమును, ఏ సభవారిదైనను, నీ కాపుదలలో ఉంచుము. వెళ్లు పెద్దలకు అప్పగించు మనస్సును, వచ్చు పెద్దలకు భయభక్తులను, ఇచ్చు మాకు విడువని ప్రేమను దయచేయుము. మా పిడికెడును దీవించుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.