ఈ ఇల్లు ఎవరిది?

కాలవ గట్టు పక్కన ఒక కాలనీ ఉందనుకోండి. మన గోదావరి జిల్లాల్లో అలాంటి కాలనీలు చాలా ఉన్నాయి కదా! ఆ కాలనీలో ఒక మామ్మ ఉంది. వయసు డెబ్బై దాటింది. భర్త పోయాడు. ఇరవై ఏళ్ళ కిందట ప్రభుత్వం ఆమె పేరున ఇంటి పట్టా ఇచ్చింది. అంతకు ముందు గట్టు మీద తాటాకు పాకలో ఉండేది. ఇల్లు కట్టేటప్పుడు ఇటికలు తనే మోసింది. గోడలు తనే తడిపింది.

కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఆ ఇంట్లోనే ఉంటున్నారు. మొదట్లో మామ్మ మంచం గదిలో ఉండేది. కొన్నాళ్ళకి వసారాలోకి వచ్చింది. ఇప్పుడు పెరట్లో రేకుల కింద ఉంది. వాన కురిస్తే మంచం కింద నీళ్ళు నిలుస్తాయి. తిండి ఒంటిపూటే.

ఒకరోజు పక్కింటి ఆమె అడిగింది.

"చెయ్యి వాచిందేంటి మామ్మా?"

"జారి పడ్డానే అమ్మా."

"పోయిన నెలా అదే మాట చెప్పావు. నెలనెలా జారతావా?"

మామ్మ మాట్లాడలేదు. రొంటిన దోపుకున్న కాయితం తీసింది. "ఇది కాస్త చదివి పెట్టవే. లోను కాయితం అంటన్నాడు మావాడు. రేపు వేలిముద్ర వెయ్యాలంట" అంది.

పక్కింటి ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కుంటూ చదివింది. అది లోను కాయితం కాదు. "నా ఇంటిని నా ఇష్టపూర్వకంగా నా కుమారునికి ఇచ్చివేయుచున్నాను. ఇక మీదట నాకు ఎట్టి హక్కూ లేదు" అని రాసి ఉంది.

మామ్మ వేలిముద్ర వెయ్యలేదు. ఆ సాయంత్రం ఆమె ట్రంకు పెట్టె వీధిలోకి వచ్చి పడింది.

ఇది మనం అనుకున్న కథ. కానీ ఇలాంటిది మీరు ఎక్కడా చూడలేదా? వినలేదా?

పేదల ఇళ్ళ పట్టాలు చాలావరకు ఆడవాళ్ళ పేరునే ఇస్తున్నారు. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో ఇళ్ళ పట్టాల పంపకం మొదలైంది. ఆ పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చారు. ఎందుకలాగ? మగవాడు తాగి అమ్మేసినా, ఇంకొకతెను తెచ్చుకున్నా, ఇల్లాలికి నీడ ఉండాలని. ఆలోచన మంచిదే. కానీ పేరు కాయితం మీద ఉంటే చాలదు. ఆ కాయితంలో ఏముందో ఆమెకి తెలియాలి. అది ఆమె దగ్గరే ఉండాలి.

ఇల్లు ఇచ్చేటప్పుడు ఆఫీసర్లు వస్తారు. ఫోటో తీస్తారు. ఆ తరవాత ఆ ఇంట్లో ముసలమ్మ ఎలా ఉందో చూడ్డానికి ఎవరొస్తున్నారు? ఇంగ్లాండులో పేదల కోసం పురపాలక సంఘాలు ఇళ్ళు కట్టి అద్దెకిస్తాయి. ఒకరి ఆలన లేనిదే గడవని మనిషిని ఎవరైనా కొడుతున్నారని, పట్టించుకోకుండా వదిలేశారని అనుమానం వస్తే, స్థానిక ప్రభుత్వం విచారించి తీరాలి. 2014లో అక్కడ చేసిన చట్టం అది. మన కాలనీలో ముందుగా చూసే కళ్ళు ఇరుగుపొరుగువే.

ఏం చూడాలి? దెబ్బలు ఒక్కటే కాదు. పలకరిస్తే కొడుకు వైపు చూసి మాట్లాడే తల్లిని చూడాలి. నలుగురిలోకి రావడం మానేసిన మనిషిని చూడాలి. మందులు అయిపోయినా తెప్పించని ఇంటిని, మాసిన పక్కని, మంచానికి అందనంత దూరంలో పెట్టిన మంచినీళ్ళని చూడాలి. మేడ ఇళ్ళలో పై అంతస్తులో ఉన్న ముసలివాళ్ళ సంగతి మరీ కష్టం. మెట్లు దిగలేరు. తలుపు వేసి ఉంటే లోపల మనిషి ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు.

పింఛను సంగతి కూడా చూడండి. 2024 జులై నుంచి వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలు. సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఇస్తున్నారు. డబ్బు మామ్మ చేతిలో పెడతారు. వాళ్ళు గుమ్మం దాటగానే అది ఎవరి జేబులోకి పోతోంది? తల్లి తనంతట తాను ఇస్తే అది వేరు. లాక్కుంటే, అన్నం పెట్టనని బెదిరించి తీసుకుంటే, అది నేరం.

"వాళ్ళింటి గొడవ మనకెందుకు?" అంటారు కొందరు. పొరుగింట్లో పొగ వస్తే ఇలా అంటామా? బిందెలు పట్టుకుని పరుగెత్తమూ?

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు ఈ చట్టం కింద కొడుకుల్నీ కూతుళ్ళనీ పోషణ అడగవచ్చు. పిల్లలు లేని వృద్ధులైతే, వాళ్ళ ఆస్తి అనుభవించే వారసుణ్ణి అడగవచ్చు. అర్జీ ఆర్.డి.ఓ. గారికి ఇవ్వాలి. ఆయన ఆఫీసులోనే ట్రిబ్యునల్ ఉంటుంది. ట్రిబ్యునల్ అంటే ఇలాంటి తగవులు తీర్చే చిన్న కోర్టు. వకీలు అక్కర్లేదు. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఇవ్వమని అది చెప్పగలదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. గట్టి కారణం ఉంటే ఇంకో 30 రోజులు. ముసలమ్మ లేవలేకపోతే, ఆమె ఒప్పుకున్న మనిషి ఎవరైనా ఆమె తరఫున అర్జీ పెట్టవచ్చు. పక్కింటి ఆమె అయినా సరే. చూసుకోవలసినవాళ్ళు వృద్ధుల్ని పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడైనా దిగవిడిస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా. రెండూ కూడా వెయ్యవచ్చు.

మరి ఇల్లు ముందే రాసిచ్చేసిన తల్లి మాటేమిటి? ఆమెకీ దారి ఉంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. "నన్ను చూసుకోవాలి" అనే షరతు మీద ఇచ్చి ఉంటే, ఆ తరవాత వాళ్ళు చూడకపోతే, ఇచ్చింది చెల్లదని ప్రకటించమని ట్రిబ్యునల్‌ని అడగవచ్చు. షరతు ఉందని చూపించాలి. 2022లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది.

మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి 2019లో తన ఇంటిని కొడుక్కి దానంగా రాసిచ్చింది. అదే సమయంలో కొడుకు ఇంకో కాయితం రాసిచ్చాడు. చివరిదాకా చూసుకుంటాను, చూడకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చు అని అందులో ఉంది. కొడుకు మాట తప్పాడు. తల్లి కేసు వేసింది. ఆ కాయితం సంగతి మీద కోర్టుల్లో పెద్ద వాదన నడిచింది. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు తల్లి పక్షాన తీర్పు చెప్పింది. ఆస్తి ఆమెకే తిరిగి అప్పగించమంది. ఇల్లు ఖాళీ చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కి ఉందని చెప్పింది.

అందుకని, పిల్లలకి ఆస్తి రాసిచ్చే తల్లులు దస్తావేజులోనే ఈ మాటలు రాయించుకోండి: "నేను బతికి ఉన్నంతకాలం ఈ ఇంట్లోనే ఉంటాను. నా తిండి, బట్ట, వైద్యం నా కుమారుడు చూడాలి. చూడకపోతే ఈ దస్తావేజు చెల్లదు." కన్నకొడుకు దగ్గర కాయితమా అని సిగ్గుపడకండి. రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళేది కాయితం కోసమే కదా! ప్రభుత్వం ఇచ్చిన స్థలానికి వేరే షరతులు కూడా ఉంటాయి. అవి పట్టా మీదే ఉంటాయి, ముందు అవి చదవండి.

ఈ పాఠం చదివే మీలో చాలామంది కోడళ్ళు. "అత్తకి చట్టం ఉంది, మరి నాకు?" అంటారేమో. ఉంది. 2005లో గృహహింస చట్టం వచ్చింది. కాపురం చేస్తున్న ఇంట్లోంచి భార్యని ఊరికే గెంటెయ్యడానికి వీల్లేదు. అత్త పేరు అడ్డం పెట్టుకుని కోడల్ని బయటికి పంపే ఎత్తులు కూడా జరుగుతున్నాయి. వృద్ధుల చట్టం చూపించి కోడలి నివాస హక్కుని కాదనకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి మాట చెప్పింది. తాగొచ్చి తల్లినీ పెళ్ళాన్నీ కలిపి కొట్టే ఇళ్ళు మనకి తెలియనివా? అక్కడ అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకే అర్జీదారులు.

ఈ నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి. వృద్ధుల సాయానికి 14567. ఆడవాళ్ళ సాయానికి 181. ప్రాణం మీదికొస్తే 112. ఉచితంగా వకీలు కావాలంటే 15100. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలోనే ఉంది.

మన కథలో పక్కింటి ఆమె ఆ రాత్రి కూర్చుని అర్జీ రాసింది. ఇదిగో, చదవండి.

"అమలాపురం రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి,

అయ్యా,

నేను భర్త పోయిన దాన్ని. నాకు డెబ్బై ఏళ్ళు దాటాయి. ప్రభుత్వం నా పేరున ఇచ్చిన ఇంట్లోంచి నా కొడుకు నన్ను బయటికి పంపాడు. నా పింఛను డబ్బు తీసుకుంటున్నాడు. తిండి సరిగా పెట్టడం లేదు. కొడుతున్నాడు. తెలియకుండా నా చేత కాయితం మీద వేలిముద్ర వేయించాలని చూశాడు. నా ఇంట్లో నేను ఉండేట్టు, నాకు పోషణ ఇచ్చేట్టు చెయ్యమని కోరుతున్నాను. పట్టా నకలు, ఆధార్ నకలు జత చేశాను.

ఇట్లు,
(పేరు, ఊరు, తేదీ)
చదివి వినిపించిన తరవాత వేసిన వేలిముద్ర"

ఆ చివరి మాట చూశారా? "చదివి వినిపించిన తరవాత." పక్కింటి ఆమె అర్జీని రెండుసార్లు చదివి వినిపించింది. రెండోసారి మామ్మ ఒక మాట మార్పించింది. "వెళ్ళగొట్టాడు" అని ఉన్న చోట "బయటికి పంపాడు" అని రాయించింది. ఎంతయినా కొడుకు కదా! పోనివ్వండి, అర్జీ ఆమెది.

అర్జీ రెండు ప్రతులు రాయాలి. ఒకటి ఆఫీసులో ఇవ్వాలి. రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకుని మన దగ్గర ఉంచుకోవాలి. ముద్ర వేసేదాకా అక్కడి నుంచి కదలకండి.

ఇప్పుడు ఈ పనులు చెయ్యండి. మీ ఇంటి పట్టా బయటికి తీయండి. అది ఎవరి పేరున ఉంది? ఎన్ని సెంట్లు? షరతులు ఏం రాశారు? తెలియని మాట వస్తే దాని కింద గీత గీసి గుంపులో అడగండి. మీ వీధిలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ పేర్లు ఒక కాయితం మీద రాయండి. ఈ వారం వాళ్ళలో ఎవరిని ఎవరు పలకరించారో ఆ పేరు పక్కనే రాయండి.