పబ్లిక్ హియరింగ్ నోటీసు పడిందా? మీ చేతిలో ఉన్నది 30 రోజులే

పేపరు లోపలి పేజీలో, టెండరు ప్రకటనల పక్కన పడుతుంది ఆ నోటీసు. ఫలానా మండలం, ఫలానా సర్వే నంబర్లలో పెట్టబోయే ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ అని. ఊళ్లో చాలామందికి షామియానా వేసిన రోజుగాని సంగతి తెలియదు.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం జనానికి కనీసం 30 రోజుల గడువివ్వాలి. గాలికీ నీటికీ నేలకీ ఏమవుతుందో చెప్పే ముసాయిదా రిపోర్టును కలెక్టరేట్లో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థ ఆఫీసులో అందుబాటులో ఉంచాలి. దానికోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కూర్చోకండి. ఆ చట్టం కింద జవాబుకూ గడువు 30 రోజులే. కాగితం చేతికొచ్చేసరికి సభ అయిపోతుంది. నేరుగా ఆఫీసుకెళ్లి అడగండి. చూపించకపోతే ఆ మాటే రాసిచ్చి రసీదు తీసుకోండి.

రిపోర్టులో ముందు చూడాల్సింది మీ ఊరి గురించి ఏం రాశారన్నది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రం తలపెట్టినప్పుడు అక్కడ బీల అని పిలుచుకునే నీటి పల్లాన్ని కాగితాల మీద పనికిరాని నేలగా చూపించారు. ఆ నీటితో పంట పండించుకునేవాళ్లకూ, అందులో చేపలు పట్టుకునేవాళ్లకూ అదేమిటో తెలుసు. 2010 జులై 14న ప్లాంటు వద్దన్నవాళ్ల మీద పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల, బంజరు కాదన్నది అక్కడ తేలిన ముఖ్య విషయం.

ఇలాంటి వాస్తవమేదీ చూపకుండా సభలో "మాకొద్దు" అని అరిచి దిగిపోతే మినిట్స్‌లో అదొక ముక్కగా మిగులుతుంది. "చెరువు లేదని రాశారు, ఫలానా సర్వే నంబరులో చెరువుంది, దాని కింద ఇంత ఆయకట్టుంది, ఇదిగో అడంగల్" అంటే కంపెనీ దానికి జవాబు చెప్పుకోవాలి. మైకు ముందు జంకేవాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి ముందే రాసి ఇవ్వొచ్చు, తెలుగులోనే. సభను బహిష్కరించడం నా దృష్టిలో నష్టమే. సభకు కోరం అంటూ లేదు, ఎందరు వచ్చినా చెల్లుతుంది. మీ మాటలు మాత్రం రికార్డులో ఉండవు. చివర్లో మినిట్స్‌ను తెలుగులో చదివి వినిపించి, కలెక్టరో ఆయన ప్రతినిధో అదే రోజు సంతకం పెట్టాలి. జనం సరిగ్గా ఆ వేళకే లేచి వెళ్లిపోతారు. అసలు కదలకుండా కూర్చోవలసింది అప్పుడే!

ఈ సభకు ప్రాజెక్టును ఆపే అధికారం లేదన్నదీ తెలుసుకోవాలి. ప్రభావ అంచనా రిపోర్టు అక్కర్లేదని బీ2 వర్గంలో చేర్చిన ప్రాజెక్టులకు సభే ఉండదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ హక్కులు వేరు, వాటి గురించి మరోసారి.

"కాలుష్యం వస్తుందని మీరే రుజువు చేయండి" అని ఎవరైనా దబాయిస్తే 1999 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పండి. హైదరాబాదు జంట జలాశయాల దగ్గర నూనె ఫ్యాక్టరీ కేసు అది. హాని ఉండదని చూపించాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవారిదేనని జస్టిస్ ఎం. జగన్నాధరావు రాశారు. ఇలాంటి కేసులు తేల్చడానికి సైన్సు తెలిసిన నిపుణులు కావాలని కూడా అందులోనే అన్నారు. తర్వాత లా కమిషన్ ఛైర్మన్‌గా 2003లో 186వ నివేదికలో పర్యావరణ కోర్టులను సిఫార్సు చేసిందీ ఆయనే. 2010 చట్టంతో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చింది.

అనుమతి ఇచ్చేశారా? ట్రిబ్యునల్లో అప్పీలుకు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 దాకా. ఆ పైన ఒక్క రోజు దాటినా వినరు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. నష్టపరిహారం అడగని అప్పీలుకు ఫీజు 1,000 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కావాలంటే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ 15100.

చట్టంలోనే ఒక పెద్ద లోటుంది. తెలుగులో ఇవ్వాల్సింది సారాంశం మాత్రమే. లెక్కలూ పటాలూ ఉన్న అసలు రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉంటుంది. నేల పోగొట్టుకునేవాడికి సారాంశం, పెట్టుబడి పెట్టేవాడికి పూర్తి పుస్తకం! 2020లో కేంద్రం తెచ్చిన కొత్త ముసాయిదా 30 రోజుల గడువును 20కి కుదించాలని చూసింది. అది వచ్చింది ఇంగ్లిష్, హిందీల్లో. ఒకరు కోర్టుకెళ్లి అడిగితే, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశించింది. మీరూ అడగండి. పూర్తి రిపోర్టు తెలుగులో కావాలని పంచాయతీలో తీర్మానం చేసి కలెక్టరుకూ, మండలికీ పంపండి. సభలోనూ అదే అడిగి, మినిట్స్ చదివేటప్పుడు ఆ మాట ఎక్కిందో లేదో వినండి.