పోటీ పరీక్షల ప్రత్యేకం: మేఘబిందువుకు ఆసరా ఎవరు?

మణికొండలో సాయంత్రం మిర్చిబజ్జీల మూకుడు దగ్గర కాసేపు నిలబడితే నూనె పొగకు కళ్లు మండుతాయి. ఆ పొగలో ఒలీయిక్ ఆమ్లం లాంటి కర్బన సమ్మేళనాలుంటాయి. వాహనాల పొగ, తగలబెట్టిన చెత్త, చివరికి చెట్లు వదిలే ఆవిరులు కూడా గాలిలోకి కర్బన కణాలనే చేరుస్తాయి. గాలిలో తేలే ఇలాంటి సూక్ష్మకణాలే ఏరోసోల్స్.

కణమేదీ లేని శుద్ధమైన గాలిలో నీటి ఆవిరి చుక్క కట్టాలంటే సాపేక్ష ఆర్ద్రత కొన్ని వందల శాతానికి చేరాలి. కణం ఆసరా దొరికితే 100 శాతం పైన సాధారణంగా ఒక శాతం లోపు అదనం చాలు. అలా ఆసరా ఇచ్చే కణమే మేఘ సాంద్రీకరణ కేంద్రకం.

అభ్యర్థులు తడబడేది, కణం మీద మేఘబిందువు ఎలా ఎదుగుతుందో చెప్పే కోహ్లర్ సిద్ధాంతం దగ్గరే. కరిగిన పదార్థం బిందువు బాష్పపీడనాన్ని తగ్గిస్తుంది, ఇది రౌల్ట్ ప్రభావం. బిందువు వంపు దాన్ని పెంచుతుంది, ఇది కెల్విన్ ప్రభావం. కణం నీటిని పట్టుకునే శక్తికి కొలత ‘కప్పా’. ఇది ఉప్పుకు 1 పైన, అమ్మోనియం సల్ఫేట్‌కు సుమారు 0.6, కర్బన కణాలకు సగటున 0.1 దరిదాపుల్లో ఉంటుంది. అలాగని వాటిని తీసిపారేయకూడదు. కొన్ని కర్బన పదార్థాలు సబ్బులా తలతన్యతను తగ్గించి, కెల్విన్ అడ్డంకిని సడలిస్తాయి.

మేఘాలు, ఏరోసోల్స్ సంబంధంపై పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ (ఐఐటీఎం) 2009లో ‘కైపీక్స్’ ప్రయోగం ప్రారంభించింది. దాని విమానాలు హైదరాబాద్ నుంచీ ఎగిరాయి.

కేంద్రకాలు పెరిగితే బిందువులు చిన్నవై, మేఘం మరింత తెల్లగా కాంతిని పరావర్తనం చేస్తుంది. ఇది ట్వోమీ ప్రభావం. దీన్ని కెల్విన్ ప్రభావంతో కలిపి మార్కు పోగొట్టుకోకండి.